ట్రాక్టర్ వేడెక్కాక

ఆ ఏడు అక్టోబరు నుంచి మా ట్రాక్టర్ పొద్దున పూట కోడెలా ఉండేది, మధ్యాహ్నానికి ముసలిదైపోయేది.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఎంత బరువైన గడ్డి చుట్టనైనా ముందున్న ఇనప కొమ్ములతో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తేది. కాసేపు పనిచేసి ఒళ్లు వేడెక్కిందంటే ఇక అంతే. లివరు లాగితే మూలిగేది. ఎత్తిన చుట్టను గాల్లో నిలపలేక మెల్లమెల్లగా కిందికి జార్చేసేది. స్టీరింగు రాయిలా బిగుసుకునేది. కొమ్ముల్ని ఎత్తే ఆయిలు తోపు, హైడ్రాలిక్ ప్రెషరు, పడిపోతోందని మాకు తెలుసు. ఎందుకు పడిపోతోందో డీలరుకు తెలియదు. తెలియదన్న సంగతి ఒప్పుకోడు.

మెల్‌బోర్న్‌కి దూరంగా ఉన్న మా లోయలో చాలామందికి నేల సొంతం కాదు. మాకూ కాదు. నేల ఒకరిది, ఆవులు మావి, పాలు ఇద్దరివీ. నా భర్త రీస్ పదిహేనో ఏట నుంచి ఒక్కో దూడనే కూడబెట్టి మందను చేశాడు. ఆవులున్నంత కాలం మనం రైతులం, అవి పోయిన రోజు కూలివాళ్లం అనేవాడు. కిందటేడు వానలు మొహం చాటేసి కొట్టంలో గడ్డి ఊడ్చినట్టు అయిపోయింది. ఈ ఏడు ఎండుగడ్డి లోపలికి చేరితే చలికాలం మంద నిలుస్తుంది, చేరకపోతే అమ్ముకోవాలి. అది మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అన్నం దగ్గర కూర్చున్నా, మా పాప మార్లీ జుట్టు దువ్వుతున్నా నాకు అదే ఆలోచన.

గడ్డి కోసి చుట్టలు కట్టిపెట్టే కాంట్రాక్టర్లను పిలవకపోయారా అని అడుగుతారు. పిలిచాం. ఎండ కాసే ఆ నాలుగు రోజులూ వాళ్లు పెద్ద కమతాల దగ్గరే ఉంటారు. మా వంతు వచ్చేసరికి వాన వస్తుంది.

డీలరు పంపిన మెకానిక్ పేరు డఫీ. ఎర్ర గడ్డం, నెమ్మదైన మనిషి. ల్యాప్‌టాప్ తెచ్చి ట్రాక్టర్‌కి తీగ తగిలించాడు. కంప్యూటరు ఏ తప్పూ చూపించడం లేదన్నాడు.

"అయితే కంప్యూటరునే గడ్డి మొయ్యమను," అన్నాడు రీస్.

మా మామగారు మెర్వ్ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. నలభై ఏళ్లు ఆ లోయలోనే పాలు పితికిన మనిషి. తన కాలంలో ట్రాక్టర్‌కి జబ్బు చేస్తే చెవి పెట్టి వినేవాళ్లమనీ, ఇప్పుడది మాట్లాడాలంటే ముందు దానికి చార్జింగు పెట్టాల్సి వస్తోందనీ అన్నాడు. డఫీ నవ్వి ప్రెషరు మీటరు బిగించాడు. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది.

పాపను చంకలో వేసుకుని నేను దగ్గరికి వెళ్లాను. ఇప్పుడే షెడ్డులోంచి తీశామని చెప్పాను. అది ఇంకా చల్లగా ఉందని, మధ్యాహ్నం దాకా పని చేయించి అప్పుడు మీటరు పెడితే తెలుస్తుందని చెప్పాను.

"నువ్వన్నది తప్పని నేననను టెగన్," అన్నాడు డఫీ. "నన్ను ప్రెషరు చూసి రమ్మన్నారు. పొద్దుగూకేదాకా కూర్చోమనలేదు. ఇంకా ముగ్గురు నా కోసం ఎదురుచూస్తున్నారు."

"వాళ్ల ట్రాక్టర్లు కూడా పొద్దున్నే బాగుంటాయా?" అన్నాడు రీస్.

డఫీ మీటరు ఊడదీసి గుడ్డతో తుడుచుకున్నాడు.

మేమే విప్పి చూద్దామంటే వారంటీ పోతుంది. ఊళ్లో చేతి పని బాగా తెలిసినవాడు ఉన్నాడు కానీ, బయటివాడు ఒక్క బోల్టు ముట్టుకున్నా మాకు సంబంధం లేదని డీలరు ముందే చెప్పాడు. నేను ఫోన్ చేశాను, ఒకసారి కాదు. సర్వీసు మేనేజరు ప్రతిసారీ, మీ ఆయన్ని పిలవమ్మా అనేవాడు. మా ఆయన పొలంలో ఉన్నాడు, నేను చెబుతాను వినండి అంటే, ఏ వాల్వు గురించి మాట్లాడుతున్నారు అని అడిగేవాడు. నేను పదో తరగతి మధ్యలో బడి మానేసి పాల షెడ్డుకి వచ్చినదాన్ని. వాల్వుల పేర్లు నాకేం తెలుసు. వేడెక్కితే నీరసపడుతోంది అని మాత్రం తెలుసు. అదే మళ్లీ చెప్పేదాన్ని. ఆయన రాసుకున్నట్టే ఉండేది.

చివరికి లారీ పంపి ట్రాక్టర్‌ని తీసుకెళ్లారు. పచ్చిగడ్డి కోసి పాతరేసే కాలమంతా అది వాళ్ల షెడ్డులోనే కూర్చుంది. పంపు మార్చామన్నారు. తీసుకొచ్చిన రోజు మధ్యాహ్నం మళ్లీ మూలిగింది. మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి పంపు కాదు, గొట్టాలు అన్నారు. నల్లగా మెరిసే కొత్త గొట్టాలు వేసి, కడిగి మరీ పంపారు. రీస్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "స్నానం బాగా చేయించారు," అని మాత్రం అన్నాడు.

అప్పటికి డిసెంబరు, మా వైపు ఎండాకాలం, వచ్చేసింది. గడ్డి నడుము దాకా పెరిగి గింజ పట్టబోతోంది. ఇంకా ఆగితే గడ్డి కాదు, పుల్లలు. వారం పాటు ఎండ కాస్తుందని రేడియో చెప్పిన రోజునే రీస్ కోత మొదలుపెట్టాడు. లోయ లోయంతా కోసింది. ఎటు చూసినా కోసిన గడ్డి వాసన, దుమ్ము. కోశాడు, తిరగేశాడు, వరసలకు లాగాడు. పొద్దునా సాయంత్రం పాలు నేను పితికాను. మధ్యలో అన్నం మోశాను. మెర్వ్ పాపను చూసుకుంటూ, అది నిద్రపోయినప్పుడు కొట్టం శుభ్రం చేస్తూ ఉన్నాడు.

చుట్టలు కట్టడం మొదలయ్యాక రేడియో మాట మార్చింది. వాన ముందే వస్తుందట, రేపు పొద్దున్నకే.

ఆ రోజు నేను రొట్టెలు, టీ ఫ్లాస్కు తీసుకుని పొలానికి వెళ్లేసరికి ట్రాక్టర్ ఆగి ఉంది, ఇంజను నడుస్తూనే ఉంది. కొమ్ములు గాల్లోంచి కిందికి జారుతున్నాయి. రీస్ కిందికి దిగి ముందు చక్రం పక్కన వంగి ఉన్నాడు. ఇంజను అడుగున గడ్డి మీద ఆయిలు మరక. కొత్త గొట్టం ఎక్కడో కారుతోంది, ఎక్కడో కనబడడం లేదు అన్నాడు. దాన్ని వేసినవాడు ఇనప పట్టీకి రాసుకునేలా వేశాడట.

చేతితో తడిమాడు. మా దగ్గర అందరూ చేసే పనే అది. గొట్టం పొడుగునా అరచేయి పోనిస్తే తడి తగిలిన చోట కన్నం ఉంటుంది. మెర్వ్ అలాగే చేసేవాడు, మెర్వ్ తండ్రీ అలాగే చేసేవాడు. పాత ట్రాక్టర్లలో ఆయిలు ముసలివాడి ముక్కులా కారేది. ఈ కొత్తవాటి ప్రెషరు ఎంతో మాలో ఎవరికీ తెలియదు. డీలరు ఎవరికీ చెప్పలేదు.

రీస్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చూపుడు వేలు మొదట్లో సూది మొనంత చుక్క. రక్తం కూడా లేదు. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఏమైందని అడిగాను.

"దొరికింది," అన్నాడు. అతను గొట్టం సంగతి చెబుతున్నాడు.

ఇంజను ఆపి, ఆ చోట రబ్బరు ముక్క చుట్టి, తీగ బిగించి, టీ తాగి మళ్లీ ఎక్కాడు. మందు పెడదాం, ఒకసారి చూడనీ అన్నాను. నాకు ప్రతిదానికీ ఆస్పత్రేనని, వాళ్లు నా పేరు రాసి ఒక కుర్చీ వేయించారని అన్నాడు. అది నిజమే. మార్లీ బొత్తాం మింగిందని ఒకసారి, దగ్గు తగ్గలేదని ఒకసారి, ఒంటి మీద పిడుదు పురుగు కనబడిందని ఒకసారి పరిగెత్తాను. మూడుసార్లూ నవ్వి పంపారు. నేను రొట్టెల డబ్బా సర్దుకుని వచ్చేశాను.

సాయంత్రం పాలకి ఆవుల్ని తోలుకురావడానికి వెళ్తూ పొలం గట్టున ఆగాను. రీస్ కుడిచేతిని తొడ మీద పెట్టుకుని ఎడమచేత్తో అడ్డంగా వంగి లివరు లాగుతున్నాడు. దగ్గరికి వెళ్లాను. వేలు పాలిపోయి తెల్లగా ఉంది, కొవ్వొత్తిలా. దాని కింద అరచెయ్యి ఉబ్బింది. నొప్పి లేదన్నాడు. నొప్పి లేదనేసరికే నాకు భయం వేసింది. గిల్లాను. తెలియలేదన్నాడు. ఇంకా ముప్పాతిక పొలం మిగిలి ఉందని, ఇప్పుడు దిగితే చలికాలం ఆవులకు నా భయం వేసి మేపాల్సి వస్తుందని అన్నాడు. కోపంగా అనలేదు. బాగా అలిసిపోయి ఉన్నాడు.

ఇంటికి వెళ్లి ఆస్పత్రికి ఫోన్ చేశాను. నర్సు మొదట మామూలుగానే మాట్లాడింది. చిన్న చుక్కే అయితే కడిగి కట్టు కట్టమని, పొద్దున్నే తీసుకురమ్మని చెప్పింది. దేనితో గుచ్చుకుందని అడిగింది. గుచ్చుకోలేదు, ట్రాక్టర్ గొట్టంలోంచి ఆయిలు చిమ్మింది అన్నాను.

"చిమ్మి ఎన్ని గంటలైంది?" అంది.

మధ్యాహ్నం తిండికి ముందు అని చెప్పాను.

"ఏమీ తిననివ్వకు, నీళ్లు కూడా వద్దు. ఇప్పుడే తీసుకురా. కట్టు కట్టడానికి కూడా ఆగకు."

పాపను బండిలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. మెర్వ్‌కి చెబితే, చిన్న చుక్కకి ఇంత హడావుడా అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసి, పక్కన ఎక్కాడు. పొలం గేటు తీసి, ఎండిన వరసల మీదుగానే బండి పోనిచ్చాను. మా దగ్గర ఎవరూ అలా చేయరు. కోసిన గడ్డి మీద బండి చక్రం పెట్టడమంటే పళ్లెంలో కాలు పెట్టినట్టే. రీస్ దూరం నుంచి చూసి చెయ్యి ఊపి అరిచాడు. నేను ఆపలేదు. బండిని ట్రాక్టర్‌కి ఎదురుగా అడ్డంగా నిలిపి ఇంజను ఆపేశాను.

అతను తలుపు తెరిచి, నీకేమైనా పిచ్చి పట్టిందా అన్నాడు. గడ్డిని తొక్కేశావని, ఆ వరస పనికిరాకుండా పోయిందని అన్నాడు.

"దిగు రీస్," అన్నాను.

మెర్వ్ బండి దిగి కొడుకు చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ వేలిని తన వేళ్ల మధ్య పెట్టుకుని నొక్కాడు.

"దిగరా," అన్నాడు. "మిగిలింది నేను చూస్తాను."

మా ఊరి ఆస్పత్రిలో మమ్మల్ని కుర్చీలో కూడా కూర్చోనివ్వలేదు. హెలికాప్టరు పిలిపించి మెల్‌బోర్న్ పంపారు. అందులో నాకూ పాపకూ చోటు లేదు. అది లేచిపోతుంటే గాలికి మార్లీ టోపీ ఎగిరిపోయింది. పాప టోపీ కోసం ఏడ్చింది. నేను దాన్ని ఎత్తుకుని, తెస్తాను, తెస్తాను అంటూ నిలబడ్డాను.

చెయ్యి మణికట్టు దాకా కోసి ఆయిలంతా కడిగారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. ఆ ప్రెషరుకు చర్మంలోంచి దూరి లోపలికి వెళ్లిన ఆయిలు కండ పొరల్లోంచి పాకుతూ పోయి, తగిలిన చోటల్లా చంపేసిందని డాక్టరమ్మ నాకు చెప్పింది. మెల్లగా, బొమ్మ గీసి చెప్పింది. ఇంకాస్త ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆ మాట వదిలేసింది. చూపుడు వేలు తీసేశారు. వారానికి మధ్య వేలు సగం దాకా తీసేశారు. మిగిలినవి ఉంటాయి కానీ ముడుచుకోవు.

గడ్డి సంగతి నాకు తర్వాత తెలిసింది. మెర్వ్ ఆ సాయంత్రం ట్రాక్టర్ ఎక్కాడు. కట్టిన తీగ ఊడిపోయి ఆయిలంతా కారిపోయింది, కొమ్ములు నేల మీద పడి లేవలేదు. పక్క పొలాల వాళ్లు తమ చుట్టలు చేర్చుకుని వచ్చేసరికి చీకటి పడింది. వచ్చారు, వాళ్ల తప్పేం లేదు. తెల్లవారకముందే వాన మొదలైంది. మొదట సన్నగా, తర్వాత ఆగకుండా. వరసల్లో ఉన్నది అక్కడే నల్లబడి కుళ్లింది. కట్టి కొట్టంలోకి చేర్చినవి పావు వంతు కూడా లేవు.

మెర్వ్ ఆస్పత్రికి ఒకసారి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఆవుల గురించి చెప్పాడు, ఏది ఈనింది, ఏది కుంటుతోంది అని. వెళ్లేటప్పుడు నాతో వరండాలోకి వచ్చి, గోడ వైపు తిరిగి, "వాడికి నేనే నేర్పాను," అన్నాడు. ఆయన టోపీ పెట్టుకుని లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

జనవరిలో డీలరు డఫీని మళ్లీ పంపాడు. రీస్ ఇంటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నాడు అప్పటికి, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. డఫీ అతని ముందు టోపీ తీసి నిలబడ్డాడు. తర్వాత ట్రాక్టర్ దగ్గరికి వెళ్లి, కారిన గొట్టం మార్చి ఆయిలు పోశాడు. నేను పాపను మెర్వ్‌కి ఇచ్చి, ట్రాక్టర్ ఎక్కి, తడిసి కుళ్లిన చుట్టలన్నిటినీ పొలంలోంచి గట్టు మీదికి మోశాను. మధ్యాహ్నం దాకా మోశాను, ఈసారి డఫీ ఆగాడు. అది మూలగడం మొదలుపెట్టాక తెచ్చి డఫీ ముందు నిలిపి, ఇప్పుడు మీటరు పెట్టమన్నాను.

పెట్టాడు. ముల్లు సగానికి కూడా రాలేదు.

అతను విప్పడం మొదలుపెట్టాడు. పంపు కాదు, గొట్టాలు కాదు. ప్రెషరును అదుపులో పెట్టే వాల్వు లోపల బొటనవేలి గోరంత రబ్బరు సీలు ఒకటి, చల్లగా ఉన్నప్పుడు పట్టుకుని, వేడెక్కితే మెత్తబడి వదిలేస్తోంది. కొత్తది వేసి బిగించేసరికి టీ నీళ్లు కూడా చల్లారలేదు. ఆ తర్వాత ఆ ట్రాక్టర్ ఒక్కసారి కూడా ఆగలేదు.

డఫీ వెళ్లేటప్పుడు, ఈ ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాడు. మానేశాడో లేదో తెలియదు.

మందను ఎండాకాలం వెళ్లకముందే అమ్మేశాం. గడ్డి లేదు, రెండు పూటలా పితికే చెయ్యీ లేదు. లారీలు వచ్చిన రోజు రీస్ ఒక్కో ఆవునూ పేరు పెట్టి పిలిచి పైకి ఎక్కించాడు. ఎక్కిన ప్రతిదాని నడుం మీద ఎడమచేత్తో ఒక్కసారి కొట్టాడు. చివరి లారీ తలుపు గొలుసు అతను వేయలేకపోతే డ్రైవరు వచ్చి వేశాడు.

నేను నది అవతల ఒక పెద్ద పాల షెడ్డులో పనికి చేరాను. వేరేవాళ్ల ఆవులు, వాటికి పేర్లు లేవు, చెవులకు నంబర్లున్నాయి. రీస్ ఇంట్లో ఉండి మార్లీని చూసుకుంటాడు. అన్నం తినిపిస్తాడు, బట్టలు మారుస్తాడు. దాని చొక్కా బొత్తాలు పెట్టడానికి అతనికి చాలాసేపు పడుతుంది. అది కదలకుండా నిలబడుతుంది. రెండేళ్ల పిల్లకి అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో.

పనిలో చేరిన కొత్తలో ఒకరోజు గేటు కొక్కెం తగిలి నా వేలు గీరుకుంది. నేను చూసుకోను కూడా లేదు. ఇంటికి వచ్చి పాపను ఎత్తుకోబోతుంటే రీస్ నా చెయ్యి పట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి వెలుతురులో పెట్టి చూశాడు. తనకి మిగిలిన వేళ్లతో నా వేలి చివర నొక్కాడు.

"ఇక్కడ తెలుస్తోందా?"

తెలుస్తోందన్నాను.

"ఇక్కడ?"

తెలుస్తోంది, ఇది ఉత్త గీత అన్నాను. గేటు తగిలింది, ఆయిలు కాదు, ఏమీ కాదు. అతను వినలేదు. మళ్లీ మొదటి నుంచి నొక్కుతూ వచ్చాడు.

"పద," అన్నాడు. "రేపటిదాకా ఆగొద్దు."

ఎడమచేత్తో కారు తాళాలు అందుకుని నా చేతిలో పెట్టాడు. నాకు నవ్వు రాలేదు. మార్లీకి చెప్పులు తొడిగి, ముగ్గురం కారెక్కి ఆస్పత్రికి వెళ్లాం.